ఆట మూసేసే రోజు గురించి ముందే ఆలోచించండి: వీడియో గేమ్ సంస్థలకు బహిరంగ లేఖ

వీడియో గేమ్‌లను తయారుచేసి అమ్మే సంస్థల నిర్వాహకులకు,

విషయం: సర్వర్లను ఆపేసిన తరువాత కూడా, కొన్నవారు ఆడుకోగలిగే స్థితిలో ఆటను వదలవలసిన బాధ్యత గురించి.

ఆర్యులారా,

ఆటలు పాతబడటం మీద నాకు ఫిర్యాదు లేదు. కొత్త ఆటలు రావడం, పాతవాటి మీద జనానికి మోజు తగ్గడం, వాటి మీద మీకు వచ్చే రాబడి పడిపోవడం, చివరికి ఏదో ఒక రోజున వాటి సర్వర్లను ఆపేయాలని మీరు నిర్ణయించుకోవడం వ్యాపారంలో తప్పవని ఒప్పుకుంటాను. సర్వర్లను కలకాలం నడపమని నేను అడగను. సర్వర్ ఆపేసిన మర్నాడు, ఆ ఆటకు డబ్బు చెల్లించిన మనిషి దగ్గర అది ఏదో ఒక రూపంలో నడిచే స్థితిలో మిగిలి ఉండాలనీ, అందుకు కావలసిన ఏర్పాటు ఆట అమ్మకానికి రాకముందే జరిగి ఉండాలనీ అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ విషయాన్ని నేను ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం మా అమ్మ. ఆమె ఆరేళ్ళ పాటు ఫోన్‌లో ఒక తోటపని ఆట ఆడింది. అందులో పోటీ లేదు, ఎదుటి ఆటగాడు లేడు, గెలుపోటములు లేవు. విత్తనాలు నాటి, నీళ్ళు పెట్టి, పూలు పూసేదాకా ఎదురుచూడటమే ఆట. ఏ విత్తనం ఎన్ని గంటలకు పూతకు వస్తుందో, ఏ రెండు మొక్కలను పక్కపక్కన నాటితే కొత్త రంగు పువ్వు పూస్తుందో ఆమె ఒక నోటు పుస్తకంలో వరసగా రాసిపెట్టుకునేది. గట్లు, పందిళ్ళు, కొలను వంటి అలంకరణలు కావాలన్నప్పుడల్లా డబ్బు చెల్లించింది నేనే కాబట్టి, ఆ తోట మీద ఎంత ఖర్చయిందో నాకు బాగా తెలుసు. ఒక ఉదయం ఆట తెరవగానే, అరవై రోజుల్లో ఈ సేవను నిలిపివేస్తున్నామనీ, ఇన్నాళ్ళ ఆదరణకు కృతజ్ఞతలనీ ఒక ప్రకటన కనిపించింది. అప్పటికి కొద్ది రోజుల ముందే ఆమె వంద రోజులకు గాని పూయని ఒక చెట్టును నాటింది.

"నా తోట నా ఫోన్‌లోనే ఉంది కదమ్మా, దాన్ని వాళ్ళెలా తీసేస్తారు?" అని ఆమె అడిగింది. తోట బొమ్మ మాత్రమే ఫోన్‌లో ఉందనీ, తోట ఎక్కడో దూరాన ఉన్న సంస్థ కంప్యూటర్‌లో, అంటే సర్వర్‌లో, ఉందనీ చెప్పాను. ఆ సంస్థకు ఉత్తరం రాస్తే, నిబంధనల్లో ఫలానా అంశం చూసుకొమ్మని దానంతట అదే వచ్చే జవాబు ఒకటి వచ్చింది. అరవై రోజులు గడిచాక, ఆట గుర్తు మీద నొక్కితే సర్వర్‌తో సంబంధం కుదరడం లేదన్న ఒక వాక్యం తప్ప మరేమీ రాలేదు. చాలా నెలల పాటు ఆమె ఆ గుర్తును ఫోన్‌లోంచి తీసేయనివ్వలేదు.

అమ్మ అడిగిన ప్రశ్న అమాయకంగా అడిగినదే అయినా, ఆలోచించిన కొద్దీ అది చాలా కచ్చితమైన ప్రశ్న అని నాకు అర్థమైంది. ఒంటరిగా ఆడుకునే ఆ ఆటలో సర్వర్ చేస్తున్న పనులు నాలుగైదుకు మించవు. ఆడుతున్నది ఎవరో గుర్తుపట్టాలి. ఫోన్ గడియారాన్ని ముందుకు తిప్పి పూలు త్వరగా పూయించుకోకుండా అసలు సమయాన్ని లెక్కించాలి. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టాలి. దుకాణంలో కొత్త సరుకు చూపించి డబ్బు తీసుకోవాలి. ఆట మూసేస్తున్నప్పుడు వీటిలో మొదటిదానితోనూ చివరిదానితోనూ ఇక పని లేదు. గడియారం ఫోన్‌లోనే ఉంది. ఒంటరి ఆటలో దాన్ని ఎవరైనా ముందుకు తిప్పుకున్నా మరొకరికి నష్టం లేదు. మిగిలింది ఆట పురోగతిని దాచే సేవ్ ఫైల్. అలాంటి తోటను దాచడానికి ఫోన్‌లో ఒకటి రెండు ఫొటోలు పట్టేంత చోటు చాలు.

ఇది నా ఊహ మాత్రమే కాదని చెప్పడానికి మీ రంగంలోనే ఉదాహరణ ఉంది. నింటెండో సంస్థ 2017లో విడుదల చేసిన యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్ కూడా ఇలా ఫోన్‌లో తీరికగా ఆడుకునే ఆటే. 2024 నవంబరులో దాని ఆన్‌లైన్ సేవను ముగించినప్పుడు, ఆ సంస్థ ఒక్కసారి కొనుక్కుంటే ఆడుకోగలిగే రూపాన్ని విడిగా విడుదల చేసి, పాత ఆటగాళ్ళు తమ సేవ్ ఫైళ్ళను అందులోకి తెచ్చుకునే వీలు కల్పించింది. దానికి మళ్ళీ డబ్బు చెల్లించవలసి వచ్చిన మాట నిజమే. అయినా మా అమ్మను అడిగితే ఆమె సంతోషంగా చెల్లించి ఉండేది. ఆమెను ఎవరూ అడగలేదు.

మీలో చాలామందికి ఈ చర్చ ది క్రూ అనే కార్ల పందేల ఆటతో పరిచయమై ఉంటుంది. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ఆ ఆటలో చాలా భాగం ఒక్కరే కూర్చుని ఆడుకోదగినదే అయినా, సర్వర్‌తో సంబంధం లేకపోతే ఆట మొదలే కాదు. 2024 మార్చి 31న సర్వర్లు ఆగిపోయాయి. డిస్కు రూపంలో కొన్నవారి దగ్గర ఆ డిస్కు ఉత్త ప్లాస్టిక్ పళ్ళెంగా మిగిలింది. ఆ తరువాత కొద్ది రోజులకు, డౌన్‌లోడ్ రూపంలో కొన్నవారి లైసెన్సులను కూడా ఖాతాల్లోంచి తీసివేశారు. అప్పుడే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ (ఆటలను చంపడం ఆపండి) అనే ఉద్యమం మొదలైంది. యూరోపియన్ యూనియన్‌లో పౌరులు నేరుగా చట్టాన్ని కోరే పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతిలో ఈ ఉద్యమం పెట్టిన వినతి 2025 జులైలో గడువు ముగిసేలోగా 10 లక్షల సంతకాల హద్దును దాటింది. ఒక కాలక్షేపం కోసం అంతమంది సంతకాలు పెట్టడం మీలో కొందరికి ఆశ్చర్యం కలిగించి ఉండవచ్చు. నాకు మాత్రం కలగలేదు, ఎందుకంటే ఆ సంతకాల వెనుక మా అమ్మ నోటు పుస్తకం లాంటివి ఎన్ని ఉంటాయో నేను ఊహించగలను. అదే సంస్థ ఆ ఆట రెండో భాగానికి 2025లో ఆఫ్‌లైన్‌లో ఆడే వీలు కల్పించింది. పట్టుదల ఉంటే సాధ్యమయ్యే పనేనని దానితో తేలిపోయింది.

ఇక్కడ నేను మూడు వేర్వేరు విషయాలను కలగాపులగం చేయడం లేదని స్పష్టం చేయాలి. ఒక ఆట అమ్మకాన్ని ఆపడం వేరు. కార్ల కంపెనీలతోనో సంగీత హక్కుదారులతోనో చేసుకున్న ఒప్పందాల గడువు తీరినప్పుడు ఆటను దుకాణంలోంచి తీసేయక తప్పదు. ఫోర్జా హొరైజన్ 4 అనే కార్ల ఆటను 2024 డిసెంబరులో అలాగే తీసేశారు, కాని అప్పటికే కొన్నవారు దాన్ని ఆడుకుంటూనే ఉన్నారు. పదిమంది కలిసి ఆడే భాగాన్ని మాత్రం ఆపి, ఒంటరిగా ఆడే భాగాన్ని మిగల్చడం మరొకటి. గ్రాన్ టురిస్మో స్పోర్ట్ అనే మరో కార్ల ఆట విషయంలో 2024 జనవరి చివర ఆన్‌లైన్ సేవలు ముగిసినప్పుడు, అంతకుముందే ఒక అప్‌డేట్ ఇచ్చి, ఆటలో ఎక్కువ భాగం ఆఫ్‌లైన్‌లో నడిచేలా చేశారు. ఈ రెండింటి మీదా నాకు అభ్యంతరం లేదు. మూడోది, అంటే డబ్బు తీసుకున్న తరువాత ఆట మొత్తాన్నీ ఎవరికీ ఎప్పటికీ తెరుచుకోకుండా చేయడం, దాని మీదే నా అభ్యంతరం.

మీ నిబంధనల పత్రాల్లో ఈ హక్కును మీరు ముందే రాసిపెట్టుకున్నారని నాకు తెలుసు. ఆటగాడు కొన్నది ఆటను కాదనీ, దాన్ని ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతిని మాత్రమేననీ, ఆ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనీ వాటిలో ఉంటుంది. కాని పెద్ద అక్షరాలతో మెరిసే బొత్తాం మీద మీరు రాసిన మాట "కొనండి" అని. మనం కొన్న వస్తువు మనదవుతుందన్నది పసిపిల్లలకు కూడా తెలిసిన అర్థం. అనుమతి అనే అర్థం వచ్చేదాకా ఆ పత్రాన్ని చదివేవారు ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఆమోదించి 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న చట్టం ఈ తేడాను పట్టుకుంది: వెనక్కి తీసుకోగల లైసెన్సును అమ్ముతున్నప్పుడు, ఆ సంగతిని కొనేవారికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్‌లో వాడుకోగల వాటికి ఆ నియమం వర్తించదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం 2024లోనే, చెల్లింపు పేజీలో మీరు పొందేది లైసెన్సు అని చెప్పే వాక్యాన్ని చేర్చింది. ఇది నిజాయితీ వైపు పడిన అడుగే గాని, ఇంతటితో సరిపోదు. ఆటను వెనక్కి తీసుకోవచ్చని చెప్పడం వల్ల తీసుకోవడం న్యాయమైపోదు. పైగా ఆ వాక్యం, ఎప్పుడు తీసుకుంటారన్నది చెప్పదు. కొన్న వారానికో పదేళ్ళకో తెలియని గడువును నమ్మి ఎవరైనా మరే వస్తువుకైనా పూర్తి ధర చెల్లిస్తారా?

మీ వైపు నుంచి వచ్చే జవాబులను నేను తేలిగ్గా తీసిపారేయడం లేదు. ఆటగాళ్ళే సర్వర్లు నడుపుకుంటే వారి వ్యక్తిగత వివరాలకు రక్షణ ఉండదనీ, చట్టవిరుద్ధమైన విషయాలు అందులోకి చొరబడితే తొలగించేవారు ఉండరనీ, హక్కుదారుల మీద చట్టపరమైన బాధ్యత పడుతుందనీ, ఆన్‌లైన్ కోసమే రూపొందించిన ఆటను మార్చాలంటే భరించలేని ఖర్చవుతుందనీ మీ రంగానికి ప్రాతినిధ్యం వహించే వీడియో గేమ్స్ యూరప్ 2025లో చెప్పింది. వీటిలో ఖర్చు గురించిన మాటలో నిజం ఉంది. నేటి పెద్ద ఆట వెనుక ఒక్క సర్వర్ ఉండదు. ఖాతాలకు ఒకటి, ఆటగాళ్ళను జతకట్టడానికి ఒకటి, సందేశాలకు ఒకటి, అంగడికి ఒకటి, ఇలా పదుల కొద్దీ చిన్న చిన్న ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి, అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల మీద నడుస్తుంటాయి. వాటిలో కొన్ని మీరు ఇతరుల నుంచి లైసెన్సు తీసుకుని వాడేవి కావడంతో, బయటి వారికి ఇచ్చే హక్కు మీకే ఉండదు. పదేళ్ళు గడిచాక, మొదట రాసిన ఇంజినీర్లు ఎవరూ మిగలని ఆఫీసులో, అదంతా విప్పి సరళం చేయమంటే కష్టమే.

ఆ కష్టానికి కారణం చివరి రోజు గురించి మొదటి రోజున ఆలోచించకపోవడమే. ఇల్లు కట్టేటప్పుడే వెనుక తలుపు పెట్టుకుంటే అయ్యే ఖర్చుకూ, కట్టిన పాతికేళ్ళకు గోడ పగలగొట్టి తలుపు పెట్టే ఖర్చుకూ పోలిక లేదు. అందుకే పాత ఆటలన్నిటినీ తిరగరాయమని నేను కోరడం లేదు. ఇకపై మొదలుపెట్టే ఆటల్లో, సర్వర్ అవసరమైన పనులను ఒక మూలకు చేర్చి, అవి లేకపోయినా మిగతా ఆట నడిచేలా రాయమంటున్నాను. బయటి వారి నుంచి కొనే సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో, ఆట ముగిశాక ఆటగాళ్ళకు పంచే హక్కును ముందే అడిగి రాయించుకోమంటున్నాను. ఇవి మీ ఇంజినీర్లకూ న్యాయవాదులకూ రోజువారీ పనులే.

ఆటగాళ్ళు నడిపే సర్వర్ల మీద మీ భయం మాత్రం నాకు అర్థం కాదు. 1996లో వచ్చిన క్వేక్ ఆట సర్వర్లను నడిపింది చాలావరకు ఆటగాళ్ళే. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ప్రోగ్రామును ఈనాటికీ దాని తయారీదారులే ఉచితంగా ఇస్తున్నారు. ఎవరి ఇంట్లో కంప్యూటర్ మీద వారు నడుపుకుంటున్నారు. దానివల్ల ఆ ఆట చెడిపోలేదు సరికదా, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆటగా నిలిచింది. నాకౌట్ సిటీ అనే ఆట తయారీదారులు 2023 జూన్‌లో తమ సర్వర్లను మూసినప్పుడు, కంప్యూటర్ల కోసం ఆటగాళ్ళే సర్వర్ పెట్టుకోగలిగే రూపాన్ని వదిలి వెళ్ళారు. సిటీ ఆఫ్ హీరోస్ కథ ఇంకా విశేషమైనది. 2012 నవంబరులో మూతపడిన ఆ ఆటను అభిమానులు అనధికారిక సర్వర్ల మీద బతికించుకుంటే, హక్కులున్న ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2024 జనవరిలో వారిలో ఒక బృందానికి అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. తన ఆస్తిని వదులుకోకుండానే, ఆట మీద మమకారం ఉన్నవారికి దాన్ని నడుపుకునే బాధ్యత అప్పగించవచ్చని ఆ సంస్థ చూపించింది. ఎవరు నడిపే సర్వర్‌కు వారే బాధ్యులని ఒక్క వాక్యంలో రాసి ఇవ్వండి. ఆ సర్వర్ మీద మీ పేరు కూడా అక్కరలేదు.

డబ్బు తిరిగి ఇచ్చేస్తే సరిపోదా అని అడగవచ్చు. కొన్ని చోట్ల అది గౌరవమైన పరిష్కారమే. సోనీ సంస్థ కాంకార్డ్ ఆటను 2024 ఆగస్టులో విడుదల చేసి రెండు వారాలకే ఆపివేసి, కొన్నవారందరికీ డబ్బు తిరిగి ఇచ్చింది. గూగుల్ సంస్థ 2023 జనవరిలో, ఇంటర్నెట్ ద్వారా ఆటలు ఆడించే స్టేడియా సేవను ముగించినప్పుడు, ఆటలకు చెల్లించిన డబ్బు వెనక్కి ఇవ్వడమే కాక, స్టేడియా కంట్రోలర్ బ్లూటూత్ ద్వారా ఇతర పరికరాలతో పనిచేసేలా అప్‌డేట్ కూడా ఇచ్చింది. ఆ రెండో పనిని నేను మరీ మెచ్చుకుంటాను, ఎందుకంటే చేతిలో ఉన్న వస్తువు చెత్తబుట్టలోకి పోకూడదన్న ఆలోచన అందులో ఉంది. కాని ఆరేళ్ళ తోటకు ఎంత డబ్బు వెనక్కి ఇస్తారు? అలాంటి ఆటలో మనిషి పెట్టే పెట్టుబడిలో డబ్బు చాలా చిన్న భాగం.

ఇందులో మా వంటి కొనుగోలుదారుల సంగతి ఒక ఎత్తయితే, చరిత్ర సంగతి మరొక ఎత్తు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం తేల్చింది. వాటిలో చాలావాటికి కనీసం ఏదో ఒక మూల పాత క్యాసెట్టో డిస్కో మిగిలి ఉంటుంది, దాన్ని నడిపే యంత్రమూ దొరకవచ్చు. సర్వర్ మీద ఆధారపడిన ఆటకు ఆ అదృష్టం కూడా లేదు. సినిమాలకు ఒకప్పుడు ఇలాంటి గతే పట్టింది: అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూగ సినిమాల్లో 14 శాతమే అసలు రూపంలో మిగిలాయని ఆ దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించింది. ఫిల్ములోని వెండి కోసం స్టూడియోలే ఎన్నో రీళ్ళను కరిగించాయి. ఆనాడు వాటికి విలువ లేదనుకున్నారు. ఏ ఆటకు రేపు విలువ ఉంటుందో ఈనాడు మీరు గాని నేను గాని చెప్పలేం. ఐడీ సాఫ్ట్‌వేర్ 1993లో విడుదల చేసిన డూమ్ ఆట మూలకోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామును, 1997 డిసెంబరులో బయట పెట్టింది కాబట్టే, ముప్పై ఏళ్ళు దాటినా అది ఏ కొత్త కంప్యూటర్ మీదనైనా నడుస్తోంది, దాన్ని చదివి ఎంతోమంది ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. అలా చేయడం వల్ల ఆ ఆట అమ్మకం ఆగిపోలేదు, దాని కొత్త భాగాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

డిస్కు కొనుక్కుంటే ఈ బెడద ఉండదని కొందరు సలహా ఇస్తారు. కాని 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 అనే ఆట యంత్రం కోసం అమ్ముతున్న కార్డుల్లో కొన్నింటిలో ఆట ఉండదు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆ సంగతి డబ్బా మీద రాస్తున్నారు, అది మంచిదే. కాని పెట్టె, కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఆట చేతిలో ఉన్నట్టు కాదని దీనితో తేలింది.

కాబట్టి నా విన్నపం ఇది. కొత్త ఆట గురించి జరిగే మొట్టమొదటి సమావేశంలోనే, సర్వర్ లేని రోజున ఇది ఏమవుతుందన్న ప్రశ్నను మీ బృందం ముందు పెట్టండి. దానికి వచ్చిన జవాబును అమ్మకం పేజీలో, ధర పక్కనే, చదవగలిగే అక్షరాల్లో రాయండి. సర్వర్ లేకుండా నడవని ఆటయితే, కనీసం ఎన్నేళ్ళు నడుపుతామని హామీ ఇస్తున్నారో ఆ తేదీని చెప్పండి. ఆ తేదీ చూసి కొనాలో వద్దో మేము నిర్ణయించుకుంటాం. ఇప్పటికే మూసివేత ప్రకటించిన ఆటల విషయంలో, ఆఫ్‌లైన్ రూపం ఇవ్వడం నిజంగా సాధ్యం కాకపోతే, ఆటగాళ్ళు తమ సేవ్ ఫైళ్ళను దించుకునే వీలు కల్పించకుండా సర్వర్‌ను ఆపకండి. ఆ ఫైలును తెరవగల ప్రోగ్రామును రేపు ఎవరో ఒక అభిమాని రాస్తే, అతని మీద దావా వేయకండి.

ఈ లేఖకు మీలో ఎవరైనా జవాబు ఇవ్వదలచుకుంటే, క్షమాపణలూ కృతజ్ఞతలూ అక్కరలేదు. ఈ రోజు మీ దుకాణంలో అమ్మకంలో ఉన్న ఆటల్లో సర్వర్ ఆగినా నడిచేవి ఏవో, నడవనివి ఏవో తెలిపే పట్టికను మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. మా అమ్మ ఇప్పుడు కొత్త ఆట కోసం వెతుకుతోంది. ఆ పట్టిక చూసి ఎంచుకుంటాం.

ఇట్లు,
మీ ఆటలను డబ్బు పెట్టి కొనే కుటుంబంలో ఒకరు